నాలుగు వందల గ్రాముల మోకు

రోజుకు నలభై తాటిచెట్లు ఎక్కి దిగినవాణ్ణి నేను. పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై. పదేళ్లలో ఒక్కసారి కాలు జారింది లేదు. గాలికి చెట్టు ఊగుతుంటే నడుముకూ మానుకూ కలిపి చుట్టిన మోకు మీద వెనక్కి వాలి, చుట్ట వెలిగించుకుని, బస్సు ఎంతవరకు వచ్చిందో కింద ఉన్నవాళ్లకు పైనుంచి చెప్పేవాణ్ణి.

ఈ మాటలు పరదేశంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే ఊళ్లో, మా కూతురి వంటింట్లో నిలబడి అల్లుడితో అన్నాను. అంటున్నప్పుడు బాగానే ఉన్నాయి.

అల్లుడికి వేట పిచ్చి పట్టి రెండేళ్లయింది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, శనివారం వస్తే అడవి. ఆఫీసులో తనతో పనిచేసే ఒకాయనకు కొండల వైపు పశువుల పొలం ఉంది. అడవి జింకలు మందలుగా దిగి మేతంతా మేసేస్తుంటే, వచ్చి కొట్టుకుపొమ్మని ఆయనే పిలుస్తాడు. అల్లుడిది తుపాకీ కాదు, విల్లు. బాణం దెబ్బకు అందేంత దగ్గరికి జింక రావాలంటే మనిషి చెట్టు మీద ఉండాలట. నడుముకు హార్నెస్ బిగించుకుని, మానుకు తాడు చుట్టుకుని, అలాగే వేలాడుతూ గంటల తరబడి ఎదురుచూస్తాడు. ఇన్నాళ్లూ స్నేహితుడి హార్నెస్ వాడుకున్నాడు. ఇప్పుడు తనకంటూ ఒకటి కొనాలని రెండు తెప్పించాడు. ఒకటి ఉంచుకుని రెండోది వాపసు పంపాలి.

కేకు పిండి తూచే కాటా మీద రెండింటినీ తూచాడు. ఒకటి నాలుగు వందల గ్రాములు. నడుముకు ఒక పట్టీ, కింద కూర్చోవడానికి వెడల్పాటి గుడ్డ, అంతే. రెండోది దాదాపు రెట్టింపు. దానికి రెండు తొడల చుట్టూ బిగించే పట్టీలు కూడా ఉన్నాయి.

"మీరే చెప్పుండ్రి మామయ్యా. గంటన్నర కొండెక్కాలె. విల్లు, నీళ్లు, చెట్టుకు కట్టే మెట్లు అన్నీ నా వీపు మీదనే. ఒక్కొక్క గ్రామ్ మ్యాటర్ అయితది. లైట్‌ది ఉంచుకుంటె సేఫేనా?"

ఈ దేశం వచ్చిన నాలుగేళ్లలో నన్ను ఎవరూ ఏదీ అడిగింది లేదు. ఏ చెత్త ఏ రంగు మూత డబ్బాలో వేయాలో కూడా నాకు చెప్పేవాళ్లే. అలాంటిది కల్లుగీత ఇంట పుట్టినందుకు ఒకడు సలహా అడుగుతుంటే, నోరు ఊరుకుంటుందా?

"తొడలకు పట్టీలా? పసిపిల్లల ఉయ్యాలకు గట్టుకో అల్లుడూ. నేను నలభై చెట్లు ఎక్కింది ఒక్క మోకుతోని. లైట్‌దే ఉంచుకో."

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నా భార్య ఒకసారి తలెత్తి చూసింది. మళ్లీ దించుకుంది.

ఆ సాయంత్రమే దాన్ని పరీక్షిద్దామని ఇంటి వెనక ఖాళీ స్థలంలోని గమ్ చెట్టు దగ్గరికి, అదే మన నీలగిరి చెట్టు లాంటిది, వెళ్లాం. తాటిచెట్టు ఒళ్లంతా గరుకు. మోకు పట్టిందంటే పట్టినట్టే. ఈ గమ్ చెట్టు పాము కుబుసం విడిచినట్టు బెరడు విడుస్తుంది, లోపల ఒళ్లు నున్నగా ఉంటుంది. ఆ సంగతి నా కళ్లు చూశాయి, నోరు మాత్రం చెప్పలేదు. అల్లుడు మెట్లు కట్టుకుని నా తలంత ఎత్తుకు ఎక్కాడు.

"ఏం గాదు, వాలు!" అన్నాను.

వాలాడు. మూరెడు బెరడు ఊడి వచ్చింది. తాడు కిందికి జారింది, కాళ్లు మెట్టు తప్పాయి. నడుం దగ్గర ఉండాల్సిన పట్టీ అమాంతం చంకల కిందికి ఎగబాకింది. చేతులు పైకి లేచిపోయి, మొహం ఎర్రబడి, అరవడానికి కూడా ఊపిరి లేక వేలాడుతున్నాడు. ఎలా పరుగెత్తానో తెలియదు, వాడి పాదాలను నా భుజాల మీదికి తీసుకున్నాను. కుక్కను నడిపించుకుంటూ పోతున్న ఒకామె ఆగి, "యూ రైట్, మేట్?" అంది.

"ట్రైనింగ్," అన్నాను, వాడి పాదాలు భుజాల మీద ఉండగానే.

కిందికి దిగాక అల్లుడు తిట్టి ఉంటే ఎంత బాగుండేది! దగ్గుకుంటూ నవ్వాడు. "నాదే మిస్టేక్ మామయ్యా, టైట్‌గా బిగించుకోలే. మీకైతె గిట్ల అయ్యేది గాదు." ఇంటికి రాగానే తొడల పట్టీలున్నదాన్ని మళ్లీ డబ్బాలో పెట్టి, వాపసు చీటీ అంటించి, తలుపు దగ్గర ఉంచాడు. శనివారం ఈ లైట్‌దే కట్టుకుని వెళ్తాడట.

ఆ డబ్బా రెండు రోజులు అక్కడే ఉంది. చెప్పుల కోసం వంగిన ప్రతిసారీ కనిపించేది. అల్లుడు పైఅర నుంచి కప్పు అందుకుంటే బనీను పక్కనుంచి చంక కింది వాత కనిపించేది.  నా మాట నమ్మి ఒకడు చెట్టెక్కబోతున్నాడు. నా మాట సంగతి నాకు తెలుసు.

శుక్రవారం వాడు డబ్బా చంకన పెట్టుకుని పోస్టాఫీసుకు బయలుదేరుతుంటే తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"అది పంపకు. నలభై చెట్లు నేనెక్కినయి గావు. మా అన్న ఎక్కినయి."

"మరి మీరు?"

"ఏడు. అది గూడ రెండేండ్లే."

"పదేండ్లన్నరు గద మామయ్యా! మరి చుట్ట?"

"కింద కూసోని కాల్చేటోణ్ణి."

వాడు పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆగిపోయాడు. అప్పుడు చెప్పాను. మా వృత్తిలో ఒకరి మోకు ఇంకొకరి నడుముకు చుట్టుకోరు. ఎవరి ఒంటి కొలత వాళ్లది, ఎవరి ముడి వాళ్లది. నేను బక్కవాణ్ణి, అన్న భారీ మనిషి. ఒకరోజు తొందరలో పొరపాటున నా మోకు కట్టుకుని ఎక్కాడు. అది ఆయనకు పొట్టి. కల్లు లొట్టి దించుకోవడానికి వంగేసరికి పట్టు నడుం మీద నిలవక రొమ్ము మీదికి వచ్చింది, అచ్చం నీకు వచ్చినట్టే. ఊపిరాడక చేతులు వదిలి, మోకులోంచి జారి కింద పడ్డాడు. నడుం విరిగి తొమ్మిదేళ్లు మంచాన ఉండి చనిపోయాడు.

"ముందు నీ ఒంటికి సరిపోయిందా లేదా చూస్కో. బరువు సంగతి తర్వాత. తొడలకు పట్టు లేకుంటె అది నడుం కాడ నిలవది. నేల మీదనే కట్టుకో, మళ్ల నేల మీదికొచ్చినంకనే ఇప్పు."

అల్లుడు చీటీ చింపి, డబ్బా తెరిచి, బరువుదాన్ని తొడుక్కుని నా ముందు నిలబడ్డాడు. తొడల పట్టీలు నేనే బిగించాను. రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచి, గుంజి చూశాను, మళ్లీ గుంజి చూశాను. నాలుగు వందల గ్రాములది డబ్బాలోకి వెళ్లింది.

వాడు పోస్టాఫీసుకు వెళ్లిపోయాక గుండె తేలికపడింది. నిజం చెప్పేశానన్న గర్వం కూడా కొంచెం కలిగింది. మెచ్చుకుంటుందేమోనని పొయ్యి దగ్గర ఉన్న నా భార్య వైపు చూశాను. ఆమె మంట తగ్గించి నా వైపు తిరిగింది.

"మీ అన్న పొరపాటున గట్టుకోలే. ఆ చెట్టు నీ వంతు. వాన పడ్డది, జారుతది, నేనెక్కనని నువ్వు కూసున్నవ్. ఆయన మోకు ఇంటికాడ ఉండె. నీది నువ్వే ఇప్పి నీ చేతులతోని ఆయన నడుముకు చుట్టినవ్. పొట్టిగైతుందిరా అన్నడు. ఏం గాదు, ఎక్కు అన్నవ్."