ఆ మాట నేను దిద్దలేదు

మొన్న నాందేడ్‌లో మనవరాలి స్నాతకోత్సవం చూసి వచ్చినప్పటినుంచీ నా మనసు మనసులో లేదు. పిల్లకు బంగారు పతకం వచ్చింది, ఊరంతా చెప్పుకు తిరగవలసినదాన్ని. కానీ ఆ సభలో విద్యార్థుల తరఫున మాట్లాడిన, కిన్వట్ వైపు పల్లె నుంచి వచ్చిన తెలుగు అమ్మాయి ఒకచోట మరాఠీ మాట తప్పు పలికితే, సభంతా ఘొల్లుమంది, ఆ అమ్మాయీ నవ్వింది, మాట సరిచేసుకుని హాయిగా ముందుకు సాగిపోయింది. అంతమందిలోనూ నవ్వలేకపోయింది నేనొక్కదాన్నే. పక్కన కూర్చున్న మా అమ్మాయి నా ముఖం చూసి మంచినీళ్ళు కావాలా అని అడిగింది. నా ఈడు వాళ్ళు ఎవరైనా చదువుతారన్న ధైర్యంతో, ఇన్నేళ్ళూ ఇంట్లో కూడా చెప్పనిది రాస్తున్నాను.

మా రోజుల్లో పట్టాలు కాలేజీలోనే ఇచ్చేవారు. మరాఠీలో పట్టాను పదవి అంటారు, ఆ సభను పదవీదాన్ అంటారు. అది విని మా నాయనమ్మ వాడంతా తిరిగి, "మా పిల్లకు పదవి ఇస్తున్నరంట, తహసీల్ల కూసుండవెడ్తరో, కలెక్టర్ కాడ కూసుండవెడ్తరో" అని చాటింపు వేసి వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ హిందీ మాట్లాడుకునే మా వాళ్ళకు ఇలాంటి తికమకలు రోజూ ఉండేవి. నేను నాందేడ్‌లోనే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఏ మాట ఎక్కడ ఎలా అర్థం మారుతుందో నాకు బాగా తెలుసు, తెలుసునన్న టెక్కూ ఉండేది.

నా స్నేహితురాలు మాండవి అనే పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది. సేద్యం చేసుకునే తెలుగువాళ్ళ పిల్ల, తండ్రి లేడు, ఇంటి పెత్తనమంతా వాళ్ళన్నదే. ఆదివారం వస్తే మా ఇంట్లోనే జొన్నరొట్టె తిని, మా అమ్మతో ముచ్చట్లు పెట్టుకుని, సాయంత్రానికి వెళ్ళేది. చదువులో నాకంటే ఒక మెట్టు పైనే ఉండేది. ఆఖరి ఏడు కాలేజీలో మొదటి బహుమతీ, పట్టాల సభలో విద్యార్థుల తరఫున ప్రసంగించే గౌరవమూ రెండూ ఆమెకే దక్కాయి. ఆ ప్రసంగం నాదేనని మూడేళ్ళుగా కలలు కన్నదాన్ని, పైకి ఆమెను కౌగిలించుకుని మెచ్చుకున్నాను, లోపల కుళ్ళుకున్నాను. డెబ్బై దాటాక దానికి ఇంకో పేరు పెట్టుకోవడం దేనికి.

సభకు రెండు రోజుల ముందు ఆమె తన ప్రసంగం కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకు మరాఠీ మంచిగ అస్తది గదనే, జర సూడు. తప్పులుంటె కొట్టెయ్యి" అన్నది. వాళ్ళన్న సభకు వస్తున్నాడనీ, చెల్లెలికి జరిగే మర్యాద కళ్ళారా చూస్తే పై చదువుకు ఔరంగాబాద్ పంపడానికి మెత్తబడతాడనీ ఆమె ఆశ. అదీ నాతో చెప్పింది. నేను కూర్చుని చదివాను, రెండు మూడు చోట్ల గుణింతాలు దిద్దాను. చివరి పేజీలో, ఆడపిల్లలం మేము ఇప్పుడు ప్రపంచంలో అడుగు పెట్టబోతున్నాం, పెద్దలు దీవించాలి అని చెప్పడానికి, తెలుగులో అనుకున్న మాటనే మరాఠీలోనూ ప్రపంచ్ అని రాసింది. మరాఠీలో ప్రపంచ్ అంటే లోకం కాదు, మొగుడూ పిల్లలూ ఉండే సంసారం. నా పెన్సిలు ఆ మాట దగ్గర ఆగింది. ఎవరో నలుగురు నవ్వుతారు, ఈమె కాస్త చిన్నబోతుంది, అంతేగదా అనుకున్నాను. కాగితాలు తిరిగి ఇచ్చి, అంతా బాగుందని చెప్పాను.

సభలో ఆ వాక్యం దాకా ఆమె ఎంత చక్కగా చదివిందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ మాట రాగానే వెనక బెంచీల్లో మొదలైన నవ్వు వేదిక మీది పెద్దల దాకా పాకింది. ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు తెలియలేదు. సరిగా వినపడలేదేమో అనుకుని, పాపం, అదే వాక్యాన్ని మళ్ళీ ఇంకొంచెం గట్టిగా చదివింది. అప్పుడు ఎవరో అబ్బాయి, పెళ్ళికొడుకును చూడమంటావా అని మరాఠీలో అరిచాడు. ఆమె నా వైపు చూసింది, నేను తల దించుకున్నాను. కాగితాలు అక్కడే వదిలేసి ఆమె దిగిపోతే, ఒక సారు నన్ను పైకి రమ్మని సైగ చేశారు. నేను వెళ్ళి మిగిలిన ప్రసంగం చదివాను. ప్రపంచ్ అన్నచోట జగ్ అని మార్చి మరీ చదివాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

నేను బయటికి వచ్చేసరికి వాళ్ళన్న గేటు దగ్గర నిలబడి, "నలుగుర్ల నిలవడి లగ్గం జెయ్యమని అడిగినవంట. సాలు తియ్యి సదువు" అంటున్నాడు. బహుమతి తీసుకోకుండానే ఆమె ఆ సాయంత్రం బస్సెక్కింది. ఔరంగాబాద్ నేను వెళ్ళాను, ఆమె పెళ్ళి శుభలేఖ నాకు అక్కడికే వచ్చింది.

చాలా ఏళ్ళకు భోకర్ బస్టాండులో కనిపించింది. ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని ఉంది. నా రెండు చేతులూ పట్టుకుని, "ఆ దినం నువ్వు నా కాయితం సదివి నా ఇజ్జత్ నిలవెట్టినవే, మా పిల్లలకు గూడ జెప్త నీ ముచ్చట" అన్నది. ఆ మాట సంగతేమిటో తర్వాత ఎవరో చెబితే తెలిసిందట. నేను దాన్ని మార్చి చదివిన సంగతి మాత్రం ఆమె చెవిన పడలేదు. "నీ కండ్లకు గూడ వడలే సూడు. నువ్వు గూడ తెలుగోల్ల పిల్లవే గద, నీకెట్ల దెలుస్తది" అని నన్ను తానే ఓదార్చింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను అవునన్నట్టు తలూపి, పిల్లల పేర్లు అడిగాను.

ఇప్పుడు మా ఇంట్లో ఆ పొరపాటు చేసేంత తెలుగు ఎవరికీ మిగల్లేదు. మనవరాలు నన్ను అమ్మమ్మా అనదు, మరాఠీలో ఆజీ అంటుంది, వచ్చే నెల ఒక్కతే పుణె వెళుతోంది, ఎవరి అనుమతీ అడగలేదు. చూస్తే కడుపు నిండుతుంది. మా కాలంలో ఆడపిల్లకు ఒక్కసారే దారి తెరుచుకునేది. నా స్నేహితురాలికి తెరుచుకున్న ఆ ఒక్క దారినీ మూసింది నేనని ఆమెకు ఇప్పటికీ తెలియదు. అత్తవారి ఊళ్ళో కూర్చుని, నన్ను తలుచుకున్నప్పుడల్లా మంచిదాన్ననే అనుకుంటూ ఉంటుంది.