విత్తనపు కాయలు

నిన్న మా చిన్న పత్రికకు వచ్చిన ఒక కవరు విప్పగానే తుమ్ము వచ్చింది. దాచేపల్లి వైపు నుంచి ఎవరో పాప పంపిన కథ. కాగితం మడతల నిండా మిరప ఘాటు.

నా మొదటి కథకూ ఇదే వాసన. అరవైల నాటి మాట. మిరపకాయలు ఎండుతున్న కల్లంలో కూర్చుని కథ రాసి, గుంటూరులో ఒక పత్రికకు పంపాను. కొన్నాళ్ళకు పోస్టుమాన్ దాన్ని కల్లానికే తెచ్చి ఇచ్చాడు. లోపలి చీటీ నాన్న చదివి నా చేతిలో పెట్టాడు.

అమ్మకు చదువు రాదు. తాలుకాయలు ఏరి పారేస్తూనే, "ఏమని రాశారే?" అంది.

"వేసుకోరంట. తిప్పి పంపారు."

అమ్మ ఒడిలో విడిగా పెట్టుకున్న నిగనిగలాడే కాయలు చూపించింది. "ఇయ్యి గుంటూరు పంపుతామా?"

"పంపం. విత్తనానికి ఉంచుకుంటాం."

"మరింకేం? మంచియ్యి ఇంట్లోనే ఉండాల."

నేను నమ్మేశాను. కథ తిరిగొచ్చిందని మర్నాడు బళ్ళో గొప్పగా చెప్పుకున్నాను. పత్రికలో అచ్చయిన కథలు చూస్తే జాలేసింది. పాపం, అవన్నీ అమ్మేసిన కాయలు. నా కథను మాత్రం అమ్మ విత్తనాల కుండలో దాచింది.

ఈ పాప కథా అచ్చుకు రాదు. తిప్పి పంపుతూ రెండు ముక్కలు రాద్దామని పొద్దుటినుంచి కూర్చున్నాను. ఏం రాసినా చాలడం లేదు. కవరు విప్పే వేళకి ఆ పిల్ల పక్కన కాయలు ఏరుతూ వాళ్ళమ్మ ఉంటే బాగుండును.