మల్లేశ్‌కు నేను చూపించిన సినిమా

సినిమా కథ ముందే చెప్పి చెడగొట్టేవాళ్లను మీరు చూసే ఉంటారు. మైకు పట్టుకుని, పక్కా సంఘ సంస్కరణ దృష్టితో చెడగొట్టినవాణ్ణి చూశారా? లేదా? అయితే ఈ వ్యాసకర్తను తనివితీరా చూడండి.

తెలంగాణ ఉద్యమం రోజులు. గచ్చిబౌలిలోని మా ఆఫీసు క్యాంటీన్‌లో బల్లలు అప్పటికే రెండు రాష్ట్రాలైపోయాయి. అనంతపురం నుంచి వచ్చిన నేనూ, మెదక్ నుంచి వచ్చిన మల్లేశూ మాత్రం ఒకే బల్ల దగ్గర తింటూ రోజూ పోట్లాడుకునేవాళ్లం. మల్లేశ్‌కు పుట్టుకతోనే చూపు లేదు. కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే పని చేసేవాడు. వాదనలో నన్ను ఓడించడానికి అతనికి ఆ సాయం కూడా అక్కర్లేదు.

అప్పట్లో నా హేతువాదం కొత్త బూట్లలాంటిది, అడుగేసిన చోటల్లా చప్పుడు. కులం, మతం, రంగు అన్నీ భ్రమలేనని లిఫ్టులో చిక్కినవాళ్లకు వాళ్ల అంతస్తు వచ్చేదాకా బోధించేవాణ్ణి. చివరికి ఆ రెండు బల్లల్నీ కలపాలని ఒక సాయంత్రం క్యాంటీన్‌లో తెరా మైకూ పెట్టించి పాత అమెరికా సినిమా వేయించాను. చూపులేని తెల్లమ్మాయికీ నల్లజాతి యువకుడికీ మధ్య స్నేహం దాని కథ.

మల్లేశ్‌కు సగమే చెప్పాను, చూపులేని అమ్మాయి సినిమా అని.

"గసొంటి సినిమా నాకు ఇన్నేండ్లకు దొరికిందన్నా. మాటలు నేను వింట. మాటల్లేనప్పుడు ఏమైతున్నదో చెప్పు, గంతే. జర ఖరాబ్ చెయ్యకు."

"నేనా? ఖరాబా? ఏం మాటప్పా అది!"

సినిమా మొదలైంది. పార్కులో అమ్మాయి ఒంటరిగా కూర్చుంది. యువకుడు వచ్చి పలకరించాడు. అంతే, నాలోని సంస్కర్త లేచి మైకందుకున్నాడు.

"మల్లేశా, వచ్చినోడు నల్లజాతివాడు! ఆ పిల్లకు తెలీదు!"

"అన్నా!"

"ఉండప్పా, వివక్ష చరిత్ర చెప్తాండా."

చరిత్ర బానిసల ఓడల దగ్గర మొదలైంది. ఓడ ఇంకా నడిసముద్రంలో ఉండగానే తెలంగాణ బల్ల నుంచి కేక: "ఓ సారూ, జర బందువెట్టు!" వెంటనే ఆంధ్రా బల్ల నుంచి: "కూర్చోండి బాబూ, దణ్ణం పెడతాం!" ఉద్యమం మొదలయ్యాక ఆ రెండు బల్లలూ ఒకే డిమాండ్ మీద ఏకమైంది అప్పుడే. ఎవరో మైకు వైరు లాగేశారు. ఐక్యత సాధించినందుకు గర్వపడుతూ కూర్చున్నాను.

సినిమా అయ్యాక మల్లేశ్ నా మోచేయి పట్టుకుని రోడ్డుదాకా నడిచాడు.

"బాగుందా?" అన్నాను.

"మస్తుండె. గని అన్నా, గా పిల్ల పిలగాని రంగు తెల్వకుంటనే దోస్తీ చేసింది గదా. గంతమందిల గా పిల్ల లెక్క సినిమా చూసే మోకా నాకొక్కనికే ఉండె. నువ్వేమో ఆని పేరుకన్న ముందు రంగు చెప్తివి."

బూట్ల చప్పుడు ఆగిపోయింది. రంగు భ్రమ అని చాటిన పెద్దమనిషికి తెరమీద మొట్టమొదట కనిపించింది రంగే!

"ఇంక జన్మలో నీకు ఏ రంగూ చెప్పను, మల్లేశా!" దేవుణ్ణి నమ్మను కాబట్టి క్యాంటీన్ బిర్యానీ మీద ఒట్టేశాను.

రోడ్డు దాటడానికి సిగ్నల్ దగ్గర ఆగాం. ఆఫీసు బస్సులు రయ్యిమని పోతున్నాయి.

"అన్నా, సిగ్నల్ ఏం రంగు పడ్డది?"

నేను మౌనం.

"నిన్నే అన్నా! దాటుదమా, వద్దా?"

"ఒట్టేసినా కదప్పా."

మల్లేశ్ రోడ్డు పక్కనే పగలబడి నవ్వాడు. "మనుషులది చెప్పకు, సిగ్నల్‌ది చెప్పు సామీ, సస్తం!"

ఆ ఒక్క సవరణతో నా ఒట్టు నేటికీ అమల్లో ఉంది.