గాజువాకలో జైలు బ్రెడ్డు

బేకరీ జగ్గారావు ఏడేళ్ళు జైల్లో ఉండి వచ్చాడని గాజువాకలో అంటారు. ఒక మర్డరని కొందరు, రెండని ఇడ్లీల పోతమ్మ. శవాన్ని మాత్రం ఎవరూ చూడలేదు.

అసలు గొడవంతా బ్రెడ్డు దగ్గర మొదలైంది. జైలువాళ్ళు రోడ్డు మీద కొట్టు పెట్టి, ఖైదీలు కాల్చిన బ్రెడ్డు అమ్మడం మొదలెట్టగానే ఊరంతా అటు పడింది. ధర తక్కువ. పైగా, కల్తీ చేస్తే ఖైదీకి ఏం మిగులుతుందని జనానికి నమ్మకం. జగ్గారావు బన్నుల మీద ఈగ కూడా వాలడం మానేసింది. ఇక షట్టర్ దించేయడమే అనుకున్న రోజున, పోతమ్మ చెవిలో ఊదాడు: “నానూ ఆ జైల్లోనే పని నేర్సినాను. ఎవులికీ సెప్పకే.”

పోతమ్మకి ఆ మాట అంటే మైకు చేతికిచ్చినట్టే.

ఇంట్లో పెళ్ళాం గౌరీశ్వరి గరిటె తిప్పింది. “ఏడేళ్ళు నువ్వు జైల్లో ఉంటే, ఈ పిల్లలిద్దరూ నాకెలా పుట్టినారయ్యా?”

“పెరోల్ మీద వొచ్చీవోడ్నని సెప్పు!”

ధర కూడా జైలు ధరకే దించాడు. మర్నాటికి లైను కట్టారు. లైను తోక దువ్వాడ స్టేషన్లో ప్లాట్‌ఫాం ఎక్కిందంటారు గానీ, నేను కూర్మన్నపాలెం దాకానే చూశాను.

ఆ లైన్లోకి నీలకంఠం వచ్చాడు. నిజంగా జైలు బేకరీలో పనిచేసి, శిక్ష ముగిసి, బయట ఎవరూ పని ఇవ్వక తిరుగుతున్న మనిషి.

“లోపల కూలెంతిచ్చీవోరు బావా?”

“బయట ఎంతో లోపలా అంతే,” అన్నాడు జగ్గారావు దర్జాగా.

“మరి కోత?”

“ఏటి కోత?”

నీలకంఠం నవ్వి, బల్ల మీదకి వంగి గొంతు తగ్గించాడు. “ఇచ్చీదే తక్కువ. అందల కొంత, మనవల్ల నట్టపోయినోల్లకని కోసీస్తారు. అది తెలీనోడు లోపలికెల్లనే లేదు. ఈల్లందరికీ సెప్పీమంటావా, పన్లో ఎట్టుకుంటావా?”

జగ్గారావు ఒక్క దూకున బల్ల ఇవతలికొచ్చి కౌగిలించుకున్నాడు. “ఓర్నీ, నువ్వా బావా! మన జైలు బేరక్కే!”

లోపల పొయ్యి దగ్గర బేరం సాగింది.

“జైలు రేటిత్తాను.”

“జైలు రేటు జైల్లోనే. అక్కడ అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, అప్పడిగీ బామ్మర్ది లేడు. ఇక్కడన్నీ ఉన్నాయి. గాజువాక కూలియ్యి.”

ఇవ్వక తప్పలేదు. దాంతో బ్రెడ్డు ధర జైలు ధరని దాటి పైకి పోయింది. దూదిలా ఉన్నా సరే, లైను సగానికి తెగింది. నీలకంఠం కూలి గిట్టాలంటే పెద్ద ఆర్డరేదో తగలాలి.

తగిలింది. దువ్వాడ ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ మధులత స్కూటీ దిగింది. “రోజూ బ్రెడ్డు కావాలండీ. కానీ ఇక్కడ జైలుకెళ్ళొచ్చినవాళ్ళున్నారట?”

జగ్గారావు రెండు చెవులూ మూసుకున్నాడు.

“రామరామ! జైలేటమ్మా! నాను పోలీసు టేసను మెట్టెక్కినోడ్ని కాదు, ఎక్కినానని ఎవులితోటీ అన్లేదు. ఈడు మా బావ నీలకంఠం, ఎలమంచిల్లో యవసాయం సేసీవోడు. మాకు మైదా తప్ప ఇంకోటి తెల్దు. మా గురించి ఈ ఊర్లో ఎవులేటి సెప్పినా, అంతా అబద్దం తల్లీ!”