మేస్త్రీ ఇచ్చిన పోలిక

ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న మేస్త్రీ, పాఠం కోసం నేను ఒళ్లో పెట్టుకున్న పెద్దపేగు కణాల ఫోటో చూసి, "గిది ఇటుకల గోడనా సార్?" అన్నాడు.

పెద్దపేగులో కణాలను కలిపి ఉంచే అతుకులను వాపు వచ్చినప్పుడు పుట్టే రసాయన సంకేతాలు వదులు చేస్తాయనీ, అప్పుడు క్యాన్సర్ పాకడం సులువవుతుందనీ వివరించాను.

"అంటే చెమ్మ పట్టి సిమెంటు రాలినట్టు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఆర్నెల్ల సంది నాకు దొడ్డికి పోతే నెత్తురు పడుతున్నది. మొలలని పసరు తాగుతున్న. గంతేనా సార్?"

"అయ్యుండవచ్చు," అన్నాను, అతని పోలికను నోటుపుస్తకంలో రాసుకుంటూ.

"సదువుకున్నోళ్లు చెప్పినంక ఇగ ఫికర్ లేదు," అని నవ్వుతూ మన్నెగూడలో, కొత్త ప్లాట్ల దగ్గర దిగిపోయాడు.

ఇప్పటికీ ఆ పోలికతోనే పాఠం మొదలుపెడతాను. దవాఖానలో పరీక్ష చేయించుకొమ్మని అతనికి చెప్పలేదన్న సంగతి మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు.