వెర్లిన్ పేర్చిన కట్టెలు

పద్నాలుగు రోజులు. ఆ పైన్ అడవిలో మట్టిరోడ్డు పక్కన ఎవరైనా పైసా ఇవ్వకుండా బండి ఆపుకుని ఉండొచ్చు, కానీ పద్నాలుగు రోజులే. లొరీన్‌కి ఇవాళ పద్నాలుగోది. వెర్లిన్ ఇంకా రాలేదు.

లొరీన్ ముప్ఫై ఏళ్లు ఎడారి ఊరు టూసాన్‌లో స్కూలు బస్సు నడిపింది. రిటైరయ్యాక ఇల్లు అమ్మేసి, బండి వెనక తగిలించుకునే ఇల్లులాంటి చిన్న ట్రైలరు కొనుక్కుంది. చలికాలం ఎడారిలో, ఎండలు ముదిరితే ఈ కొండమీద. పదకొండేళ్లుగా ప్రతి మే నెలా ఒకటో తారీఖున ఇదే మలుపులో ఆగేది. బావులు తవ్వి బతికిన వెర్లిన్ కూడా తన పాత వ్యానులో అక్కడికే వచ్చేవాడు. పొద్దున్నే కాఫీ, సాయంత్రం చిక్కుడుగింజల పులుసు, మధ్యలో బోలెడంత దెబ్బలాట. ఆ రోడ్డు మీద ఇంటిపేర్లు, ఫోన్ నంబర్లు అడగరు. అడిగితే ఎదుటి మనిషి బతుకులో వేలు పెట్టినట్టే.

పోయినేడు ఆమె బయల్దేరుతుంటే వెర్లిన్ టోపీ తీసి, దాని అంచు నలుపుతూ అన్నాడు. "ఇద్దరికీ రెండు బళ్లెందుకు లొరీన్? ఒకటి చాలదూ?"

"నీ గురక వింటూ ఎవరు పడుకుంటారయ్యా?" అని నవ్వేసి వెళ్లిపోయింది. ఏడాదంతా ఆ నవ్వే ఆమెను పీక్కుతింది. ఈసారి సరే అని చెప్పాలనే వచ్చింది.

వచ్చేసరికి మలుపులో కట్టెలు పేర్చి ఉన్నాయి, మీద నీలం పట్టా. వెళ్లేవాడు వచ్చేవాడికి నాలుగు కట్టెలు వదలడం అక్కడి మర్యాద. బెరడు పైకి పెట్టి పేర్చడం వెర్లిన్ పద్ధతి. పోయినేడు తను వెళ్లాక ఉండిపోయినవాడు అతనే కదా, అప్పటివే అనుకుంది. ఒక్కటీ ముట్టలేదు. అతనొచ్చాక ఇద్దరం కూచుని కాల్చుకుందాంలే అని, ఎండుపుల్లలు ఏరుకుని పొయ్యి వెలిగించుకుంది. నీళ్లు తగ్గినా ఊళ్లోకి దిగలేదు. తను కిందికెళ్లినప్పుడే వస్తే? ఇంత తెలివైన మనిషికి ఈ పిచ్చి ఎక్కడిదో మరి.

మధ్యాహ్నం అటవీశాఖ అమ్మాయి కెండ్రా జీపు దిగింది. "టైమైపోయింది పెద్దమ్మా. నీ మీద నేను జరిమానా కాగితం రాయడం బాగుండదు."

"వెళ్తానే తల్లీ. ఆఖరి కాఫీ పెట్టనీ. ఇవాళైనా ఆ మహానుభావుడి కట్టె ఒకటి కాలుద్దాం." లొరీన్ పట్టా ఎత్తి పై కట్టెలు రెండు తీసింది. కింద కాఫీ డబ్బా ఉంది. అందులో పెన్సిలుతో రాసిన కాగితం.

"లొరీన్, మొదటి రాత్రే నీకిది దొరుకుతుందని తెలుసు. నా చూపు పోతోంది, నన్నింక బండి నడపనివ్వరు. ఈ కట్టెలు ఏప్రిల్‌లో కొట్టినవి. పదో తారీఖు దాకా కింద ఊళ్లో, లాండ్రీ వెనక వ్యానులో ఉంటాను. ఆ తర్వాత మేనల్లుడొచ్చి నెబ్రాస్కా రాష్ట్రానికి తీసుకుపోతాడు. నీ ట్రైలర్లో చోటుంటే వచ్చి హారన్ కొట్టు. గురక తగ్గించుకున్నాను. వెర్లిన్."

పన్నెండు మైళ్ల దూరం. తను ఇక్కడ కాచుకుంటుంటే, నాలుగు రోజుల కిందటి దాకా అతనక్కడ హారన్ కోసం చెవి ఒగ్గి కూచున్నాడు. లొరీన్‌కి ఏడుపు రాలేదు. ముందు తన మీద తనకు ఒళ్లుమండింది.

కెండ్రా కాగితం చదివి రేడియో చేతిలోకి తీసుకుంది. "కనుక్కుందాం పెద్దమ్మా. ఆయన ఇంటిపేరేంటి?"

లొరీన్ కాగితం తీసుకుని డబ్బాలో పెట్టి మూత బిగించింది. "పదకొండేళ్లు పక్కనే కూచున్నానే," అంది. "అడగలేదు."

తర్వాత లేచి, ఆ కట్టెలన్నీ ఒక్కొక్కటే మోసి ట్రైలర్లోకి ఎక్కించింది. వచ్చేవాళ్లకి ఒక్క పుల్ల కూడా వదల్లేదు.

"నెబ్రాస్కా పెద్దదా?" అని అడిగింది, తాళాలు చేతిలోకి తీసుకుంటూ.

"పెద్దదే," అంది కెండ్రా.