మేడ మీంచి దించిన పటం

తొంభైల చివర్లో తిరుపతిలో మా నాయన పటాలు కట్టే కొట్టు మేడ మీద ఉండేది. మెట్లు బాగా ఇరుకు, మధ్యలో ఒక మలుపు. చేతిలో పట్టే పటాలకు అదేం ఇబ్బంది కాదు. నాకు పెళ్ళై, పిల్లలు బడికి పోతున్న రోజులవి. ఇంటి పని ముగించుకుని కొట్టుకు పోయేదాన్ని. చెక్క కోయడం ఆయన పని, అద్దం తుడవడం నాది.

కార్వేటినగరం దగ్గరి పల్లె నుంచి ఒక రైతు వచ్చి, కొత్తింటి హాల్లోకి ఆరడుగుల వెంకటేశ్వరస్వామి పటం కట్టివ్వమన్నాడు. అంత పెద్దది మేమెప్పుడూ కట్టలేదు. ఖాళీ చట్రం దించాక, బొమ్మా అద్దం వీధిలో బిగిద్దామని మొత్తుకున్నాను. లోపల దుమ్ము పడితే స్వామి ముఖం మీద మచ్చలా కనిపిస్తుందని నాయన వినలేదు. పైనే అద్దం పెట్టి, వెనక చెక్క కొట్టి, కాగితం కూడా అంటించేశాడు. తీరా తీసుకుపోయే రోజు చూస్తే, తలకిందులు చేస్తే తప్ప పటం మెట్ల మలుపు తిరగదు.

రైతే సర్దుకున్నాడు. స్వామి ఏమీ అనుకోడు, తిప్పి దించేద్దామన్నాడు. నాయన ఒప్పుకుంటేనా? ఇన్నేళ్ళలో ఆయన చేతిలో ఏ దేవుడి పటమూ తలకిందులు కాలేదు. మేడ మీంచి తాళ్ళతో నిలువునా దించాల్సిందే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన మొండితనం ముందు నా నోరు ఏనాడు చెల్లింది గనక!

పటానికి పాత దుప్పట్లు చుట్టి రెండు తాళ్ళు కట్టాం. ఒకటి రైతు పట్టుకున్నాడు, ఒకటి నేను. పిట్టగోడ నా నడుము దాకా కూడా రాదు. కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి. నాయన వీధిలో చేతులు పైకెత్తి నిలబడ్డాడు.

సగం దిగేసరికి గాలికి పటం ఊగింది. రైతు చేతిలో తాడు జర్రున జారి, బరువంతా నా మీద పడింది. పొట్ట పిట్టగోడకు ఒత్తుకుపోయింది. అద్దం పగిలితే ముక్కలన్నీ నేరుగా నాయన మీదికే. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"నాయనా, పక్కకు జరుగు," అన్నాను.

"జరగనుమ్మా. మెల్లింగా ఇడువు," అన్నాడు.

మునివేళ్ళ మీద లేచి, పటం అడుగును అరచేతులతో అందుకున్నాడు. జానెడు జానెడుగా వదిలాను. పటం నేలకు తాకగానే వీధిలో జనం చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు. నాకు మాత్రం దండం పెట్టబుద్ధి కాలేదు.

దడదడా మెట్లు దిగిపోయి ఆయన్ని దులిపేశాను. దేవుడి మర్యాద కోసం ప్రాణం తీసుకుంటావా, ఆ అద్దం మీద పడి ఉంటే ఇంట్లో అమ్మకు నేనేం చెప్పాలని ఏడుస్తూ అడిగాను. ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూపించాడు. మణికట్టు చుట్టూ తాడు కోసుకుపోయి ఎర్రగా మూడు గీతలు. జారకుండా దాన్ని చేతికి ఎప్పుడు చుట్టుకున్నానో నాకు గుర్తే లేదు.

"నేను జరిగింటే పటంతో పాటు నువ్వూ కిందికి వచ్చేసింటావు," అన్నాడు. "నేను సూస్తా ఉన్నింది సామిని కాదుమ్మా, నీ చెయ్యిని."